రాయేనా... శిలాజమా?

సెలవులకి ఊరెళ్ళిన పిల్లాడు జేబునిండా రాళ్ళు తెచ్చాడు. ఒకటి ఎముకలా ఉంది. ఇంకొకటి అచ్చం గుడ్డులా ఉంది. మరోదాని మీద ఆకు బొమ్మ! పారేయాలా, దాచాలా? తేల్చుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ఒక భూతద్దం, కాస్త ఓపిక ఉంటే చాలావరకు ఇంట్లోనే తెలిసిపోతుంది.

రాయి లేని ఇల్లు ఉందేమో చెప్పండి! మిక్సీలు వచ్చి రుబ్బురోలు పెరట్లోకి చేరినా, సన్నికల్లు మాత్రం పెళ్ళిలో తొక్కించడానికైనా కావాలి. దేవుడి మందిరంలో తాతలనాటి సాలగ్రామం ఉంటుంది. కాళ్ళ కింద తాండూరు బండో, బేతంచెర్ల బండో. కుండీల్లో అందానికి పోసిన గులకరాళ్ళు సరేసరి. రోజూ చూసేవే గనక వాటి గురించి మనం ఆలోచించం.

కానీ కొన్ని రాళ్ళు ఒకప్పుడు రాళ్ళు కావు. ఈదే నత్త, నడిచే జంతువు, గాలికి ఊగే చెట్టు... అవే కాలక్రమంలో రాళ్ళయిపోయాయి. వాటినే శిలాజాలు అంటున్నాం. మరికొన్ని రాళ్ళేమో పుట్టుకతోనే రాళ్ళు. కానీ గుడ్డులా, ఆకులా, ఎముకలా కనబడి మనల్ని బోల్తా కొట్టిస్తాయి. ఈ రెంటినీ విడదీయడం ఎలాగో తెలిస్తే పిల్లలకి బోలెడు కాలక్షేపం. మనకీ లాభమే. 'డైనోసార్ గుడ్డు' అని, 'అరుదైన సాలగ్రామం' అని వేలకు వేలు చెప్పేవాళ్ళ మాటల్లో పడకుండా ఉంటాం. అన్నిటికన్నా ముఖ్యం, నిజంగా విలువైనదేదో చేతికొచ్చినప్పుడు తెలియక పారేసుకోకుండా ఉంటాం.

ఊరమిరపకాయ లెక్క

అసలు ప్రాణి రాయి ఎలా అవుతుంది? మన వంటింటి భాషలో చెప్పుకుంటే సులువు. ఊరవేసిన మిరపకాయ చూడండి. ఆకారం మిరపకాయదే. కానీ ఉప్పూ పులుపూ గింజదాకా దిగి ఉంటాయి. చచ్చిన జంతువు ఎముక బురదలో పూడిపోతే, నీటిలో కరిగి ఉన్న ఖనిజాలు దాని సన్నసన్న రంధ్రాల్లోకి మెల్లగా దిగుతాయి. లక్షల ఏళ్ళు గడిచేసరికి రూపం ఎముకదే, బరువు మాత్రం రాయిది. చెట్టు మాను రాయయ్యేదీ ఇలాగే.

ఇంకో పద్ధతి కజ్జికాయల అచ్చులాంటిది. గవ్వ బురదలో కూరుకుపోతుంది. పైన ఇంకా బురద పడి గట్టిపడుతుంది. లోపలి గవ్వ కరిగిపోయినా దాని అచ్చు మిగులుతుంది. ఆ ఖాళీలో మరో ఖనిజం నిండితే గవ్వ ఆకారంలో రాయి తయారు. అడుగుల గుర్తులు, ఆకుల ముద్రలు కూడా శిలాజాలే.

ఈ రెండు పద్ధతుల్లోనూ ఒక సంగతి గమనించారా? బురదో, ఇసుకో, సున్నపు మట్టో ఉండాలి. ప్రాణి త్వరగా పూడిపోవాలి. అందుకే రాయి చేతికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది దేనిలా ఉంది?' అని కాదు. 'ఇది ఎక్కడ దొరికింది?' అని.

ఎక్కడ దొరికిందో చెప్పండి ముందు

హైదరాబాదు చుట్టూ పేర్చి పెట్టినట్టుండే గుండ్లు చూసే ఉంటారు. అవన్నీ గ్రానైటు. భూమి లోపల కరిగి ఉన్న శిలాద్రవం చల్లారి గడ్డకడితే వచ్చిన రాయి అది. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. అంత వేడిలో ఏ గవ్వ ఉంటుంది, ఏ ఎముక ఉంటుంది? కాబట్టి గ్రానైటు గుండు మీద తాబేలు కనిపించినా, ఏనుగు కనిపించినా అది ఎండా వానా చెక్కిన బొమ్మే.

శిలాజాలు దొరికేది పొరలు పొరలుగా పేరుకున్న రాళ్ళలో. ఇసుకరాయి, సున్నపురాయి, గట్టిపడిన బంకమట్టి... ఇలాంటివన్న మాట. అవి మన దగ్గరా ఉన్నాయి.

గోదావరి, ప్రాణహిత నదుల లోయనే తీసుకోండి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర జి.ఎస్.ఐ. శాస్త్రవేత్తలకి డైనోసార్ ఎముకలు దొరికాయి. పి. యాదగిరి 1988లో దానికి కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. అంటే ఒక తెలుగు పల్లె పేరు ప్రపంచ డైనోసార్ల జాబితాకి ఎక్కిందన్న మాట! హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు నోరు తెరుచుకుని చూసే ఆ పెద్ద అస్థిపంజరం దానిదే.

రాజమండ్రి పక్కన కాతేరు, నదికి ఇవతలి ఒడ్డున పంగిడి, దుద్దుకూరు ప్రాంతాల్లో ఇంకో చిత్రం. అక్కడి నల్లరాయి ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పారిన లావా. ఒక లావా పొరకీ ఇంకో లావా పొరకీ మధ్య సున్నపురాయి ఉంది. అందులో సముద్రపు నత్తలూ గవ్వలూ ఉన్నాయి. లావాలో కాదు సుమండీ, మధ్య పొరలో!

ఇక కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు రాళ్ళలో క్యాబేజీని నిలువునా కోసినట్టు గుండ్రటి వరసలు కనిపిస్తాయి. కంటికి కనబడని సూక్ష్మజీవులు సముద్రపు అడుగున చాపల్లా పరుచుకుని, వాటి మీద మట్టి పేరుకుని, మళ్ళీ జీవులు పెరిగి... అలా పొర మీద పొర కట్టిన కట్టడాలివి. స్ట్రోమటొలైట్లు అంటారు. వయసు 180 కోట్ల ఏళ్ళకు పైమాటే. చూడ్డానికి ఎముకా కాదు, ఆకూ కాదు. అయినా అసలు సిసలు శిలాజం!

బండ మీద ఆకు బొమ్మ

ఇప్పుడు మన ఇంటి నేలకి వద్దాం. పరుపుబండల మీద ఒక్కోసారి నల్లగానో, గోధుమరంగులోనో నాచులాంటి, చిన్న కొమ్మలాంటి బొమ్మ కనిపిస్తుంది. ఎవరో కుంచెతో వేసినంత అందంగా ఉంటుంది. 'ఇదేదో పాతకాలపు మొక్క' అని మురిసిపోతాం.

అది మొక్క కాదు. మాంగనీసు, ఇనుము కలిసిన నీరు రాతి పగుళ్ళలోకి ఊరి, ఆరిపోతూ గీసిన ముగ్గు! చలిదేశాల్లో కిటికీ అద్దాల మీద మంచు కొమ్మల్లా విచ్చుకుంటుందే, అలాంటిదే. దీన్ని డెండ్రైట్ అంటారు.

ఎలా తెలుస్తుందంటారా? భూతద్దం పెట్టి చూడండి. నిజమైన ఆకు ముద్ర అయితే నడిమి ఈనె, దాన్నుంచి పక్క ఈనెలు, ఆకు అంచు... ఒక క్రమం ఉంటుంది. తొడిమ ఎక్కడో తెలుస్తుంది. డెండ్రైటుకి ఈనెలుండవు. కొమ్మలు చీలుతూ పోతాయి, అంతే. చాలాసార్లు పగులు అంచు నుంచే మొలకెత్తినట్టు బయల్దేరతాయి.

ఇంకో లెక్క కూడా ఉంది. తాండూరు, బేతంచెర్ల సున్నపురాళ్ళు చాలా పాతవి. నేల మీద ఆకుల మొక్కలు పుట్టకముందే ఆ రాళ్ళు తయారైపోయాయి. మనవరాలి ఫొటో ముత్తవ్వ పెళ్ళి ఆల్బంలో ఉంటుందా? ఇదీ అంతే. రాయి వయసు తెలిస్తే సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

గుండ్రంగా ఉన్నవన్నీ గుడ్లు కావు

డైనోసార్ గుడ్డు మాట వినగానే ఎవరికైనా ఉత్సాహమే. 2020లో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు పూడిక తీస్తుంటే పెద్ద పెద్ద గుండ్రటి రాళ్ళు బయటపడ్డాయి. ఇంకేం, డైనోసార్ గుడ్లు దొరికాయని సెల్‌ఫోన్లలో ఫొటోలు తిరిగేశాయి. తెలిసినవాళ్ళు వెళ్ళి చూసి గుడ్లు కావని తేల్చారు. ఒకప్పుడు అక్కడ సముద్రం. అమ్మోనైట్లనే సముద్రజీవుల చుట్టూ సున్నపు మట్టి పేరుకుని, గట్టిపడి, ఉండలు కట్టింది. లడ్డూ మధ్యలో జీడిపప్పు ఉన్నట్టు!

దీనికి పూర్తిగా ఎదురు కథ మధ్యప్రదేశ్‌లో జరిగింది. ధార్ జిల్లా పాడల్యా గ్రామంలో పొలం దున్నుతుంటే దొరికిన గుండ్రటి రాళ్ళని రైతులు 'కాకడ్ భైరవ్' అని కొలుచుకునేవారు. పొలిమేరనీ పశువులనీ కాపాడే దేవుడని వాళ్ళ నమ్మకం. 2023లో అవి టైటానోసార్ జాతి డైనోసార్ల గుడ్లని శాస్త్రవేత్తలు గుర్తించినట్టు వార్తలొచ్చాయి. అదే ఏడాది మొదట్లో ఆ నర్మదా లోయ ప్రాంతంలోనే 92 గూళ్ళు, 256 గుడ్లు దొరికిన సంగతి ఒక పరిశోధన పత్రంలో అచ్చయింది. ఆ పత్రం రాసినవాళ్ళలో మొదటి పేరు ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు హర్ష ధీమాన్‌ది. ఆ బృందంలోనే మన తెలుగు పేరు కూడా ఉంది, ప్రొఫెసర్ గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్.

గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రైయోలి అనే ఊరుంది. 1980లలో అక్కడ డైనోసార్ ఎముకలు, గుడ్లు బయటపడ్డాయి. బాలాసినోర్ పాత రాజవంశానికి చెందిన ఆలియా సుల్తానా బాబీ వాటిని కాపాడే పని నెత్తిన వేసుకున్నారు. ఊళ్ళో ఒక ముసలామె మసాలా నూరుకునే రాయిని చూస్తే అది డైనోసార్ గుడ్డు శిలాజమట! ఈ సంగతి ఆలియాయే పత్రికలవాళ్ళకి చెప్పారు. ఆ ముసలామెను ఏమనగలం? చేతికి బాగా పట్టు దొరికింది, నూరుకుంది. ఆ రాయి ఏమిటో ఆమెకి చెప్పినవాళ్ళెవరు?

అయితే గుడ్డుని గుర్తుపట్టడం ఎలా? ఆకారాన్ని కాదు, పెంకుని వెతకాలి. గుడ్డుకి పెంకు ఉంటుంది. శిలాజ గుడ్డు మీద ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మందాన వేరే రంగులో పెంకు పొర, చాలాచోట్ల పగిలిన ముక్కలుగా అంటుకుని కనిపిస్తుంది. భూతద్దంలో దాని మీద చిన్నచిన్న బుడిపెలు, గాలి ఆడే రంధ్రాలు కనబడతాయి. ఇవేమీ లేకుండా నున్నగా ఉంటే అది ఏట్లో దొర్లి అరిగిన గులకరాయి కావచ్చు. అంచు దగ్గర ఉల్లిపాయ పొరల్లా ఊడుతుంటే మట్టి ఉండ కావచ్చు. లోపల రంగురంగుల చారలో, మెరిసే స్ఫటికాలో ఉంటే లావా రాళ్ళలో దొరికే అగేటు. అగేటు అందమైనదే, కానీ గుడ్డు కాదు.

ఎముకకి గుర్తు లోపలి అల్లిక

ఎముకలా పొడుగ్గా, చివర్లు లావుగా ఉన్న రాళ్ళు వాగుల్లో కొల్లలుగా దొరుకుతాయి. వాటి విరిగిన చోట చూడండి. మామూలు రాయి అయితే అంతా ఒకే తీరు. ఎముక అయితే బయట దట్టమైన గట్టి పొర, లోపల స్పాంజిలాగానో, బ్రెడ్డు ముక్కలాగానో సన్నటి గదులు. మాంసాహారం వండేవాళ్ళకి ఈ అల్లిక కొత్తేం కాదు. మూలుగ ఎముక విరిస్తే కనిపించేది అదే కదా!

తవ్వకాలకి వెళ్ళేవాళ్ళు ఇంకో పాత చిట్కా వాడతారు. రాయిని నాలుక కొసకి తాకిస్తారు. శిలాజ ఎముక సన్నరంధ్రాల వల్ల తడిని పీల్చి, నాలిక్కి అతుక్కుంటుంది. సుద్దముక్క అతుక్కున్నట్టే! అదిగో, చిక్కు కూడా అక్కడే ఉంది. సుద్దా అతుక్కుంటుంది, ఎండిన బంకమట్టీ అతుక్కుంటుంది. ఖనిజంతో నిండా మూసుకుపోయిన ఎముకేమో అతుక్కోదు. పైగా ఎక్కడెక్కడో పడి ఉన్న రాయి! పిల్లలకి ఈ చిట్కా నేర్పకండి. భూతద్దమే మేలు.

చెట్టు శిలాజానికీ పరీక్ష లోపలి అల్లికే. పుదుచ్చేరికి దగ్గర్లో, తమిళనాడులోని తిరువక్కరైలో రాయిగా మారిన పెద్ద పెద్ద మానులున్న జాతీయ ఉద్యానం ఉంది. వాటిని చూస్తే నిన్ననే నరికి పడేసిన దుంగలనుకుంటారు. చారలున్న ఇసుకరాయి కూడా కర్రలా కనబడుతుంది. తేడా ఏమిటంటే, కర్రకి పక్కన నిలువు పోగులుంటాయి, కోసిన ముఖం మీద గుండ్రటి వలయాలో, సన్నటి రంధ్రాలో ఉంటాయి. రాతి చారలకి ఈ రెండు రకాల ముఖాలు ఉండవు. ఎటు తిప్పినా పలకలు పేర్చినట్టే ఉంటుంది.

నిమ్మరసం పరీక్ష

గవ్వలా ఉన్న రాయి మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసా నురగ వస్తుందని, వస్తే అది శిలాజమని కొందరు చెబుతారు. నురగ వస్తే అందులో సున్నపు పదార్థం ఉన్నట్టు. అంతవరకే. మామూలు సున్నపురాయి కూడా అలాగే నురగ కక్కుతుంది. ఇంకో సంగతి, ఈ పరీక్ష వల్ల పాపం అసలు శిలాజం పైనున్న సన్నటి గీతలు కరిగిపోతాయి. పెళ్ళికూతురి చీర పట్టో కాదో తెలుసుకోవడానికి పమిట చెంగు కాల్చి చూస్తామా!

గవ్వలకి మంచి గుర్తు క్రమం. చుట్టలు ఒక లెక్క ప్రకారం పెద్దవవుతూ పోతాయి. గీతలు సమాన దూరంలో ఉంటాయి. అలాంటివే ఇంకో నాలుగు పక్కన దొరుకుతాయి. ప్రకృతిలో ప్రాణి ఒంటరిగా బతకదు కదా.

దేవుడి గదిలో సముద్రం

ఇక చాలామందికి ఆసక్తి ఉన్న విషయం, సాలగ్రామం. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే ఈ నల్లరాళ్ళలో చక్రంలా కనిపించేది అమ్మోనైటు. నత్తలా చుట్ట తిరిగిన పెంకులో బతికిన సముద్రజీవి. చుట్టరికం మాత్రం నత్తతో కన్నా స్క్విడ్, ఆక్టోపస్‌లతోనే దగ్గర. హిమాలయాలు లేచిన చోట ఒకప్పుడు టెథిస్ అనే సముద్రం ఉండేది. ఆ అడుగు మట్టిలో పూడిన అమ్మోనైట్లు, భూమి మడతపడి కొండగా లేచినప్పుడు కొండలతోపాటు పైకొచ్చాయి. నది వాటిని కోసి, దొర్లించి, నున్నచేసి ఒడ్డున వేస్తోంది. డైనోసార్లతోపాటు అమ్మోనైట్లు కూడా 6.6 కోట్ల ఏళ్ళ కిందటే అంతరించిపోయాయి.

ఇది తెలిస్తే భక్తి తగ్గుతుందా? తగ్గాల్సిన పనేముంది! తీర్థం పోసుకునే ఆ రాయి హిమాలయాలకన్నా పెద్దదని తెలిస్తే చేతులు ఇంకాస్త వినయంగానే జోడిస్తాం.

తెలుసుకోవడం వల్ల లాభం మాత్రం ఉంది. యంత్రంతో చక్రం చెక్కినవి, సిమెంటులాంటి ముద్దని అచ్చులో పోసి నల్లరంగు వేసినవి కూడా అమ్మకానికి వస్తున్నాయి. అసలుదానిలో చక్రం పైన గీసినట్టు ఉండదు. దాని గీతలు లోపలికి, రాయి మందంలోకి దిగి ఉంటాయి. ఎక్కడో ఒకచోట చుట్ట అరిగో, విరిగో, సగమే కనబడుతుంది. అచ్చులో పోసినదానికి గాలి బుడగల గుంటలు, రెండు సగాలు కలిసిన అతుకు గీత కనిపిస్తాయి. అన్నీ ఒకే సైజులో, ఒకే తీరుగా ఉన్నా అనుమానించాల్సిందే. ఇంట్లో పూజలో ఉన్నవాటి మీద మాత్రం ఏ పరీక్షలూ చేయకండి. భూతద్దంతో చూస్తే చాలు.

విద్వాంసులనే మోసం చేసిన తేనెపట్టు

మనకే కాదు, పండితులకీ పొరపాట్లు తప్పవు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహలు పాతరాతియుగం మనుషుల బొమ్మలకి ప్రసిద్ధి. 2020లో అక్కడికి వెళ్ళిన శాస్త్రవేత్తలకి గుహ గోడ మీద ఎత్తున ఆకులాంటి, ఈనెలున్న ముద్ర ఒకటి కనిపించింది. 55 కోట్ల ఏళ్ళ నాటి డికిన్సోనియా అనే ప్రాణి శిలాజమని 2021లో ప్రకటించారు. ప్రపంచమంతా వార్త!

తర్వాత అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ మీర్ట్ బృందం అక్కడికి వెళ్ళి దగ్గరగా చూసింది. ఆ 'శిలాజం' రాతిలో భాగం కాదు, పైన అంటుకుని పెచ్చులూడుతోంది. చుట్టుపక్కల తేనెపట్లు వేలాడుతున్నాయి. తేలిందేమిటంటే, అది రాలిపోయిన తేనెపట్టు మిగిల్చిన మరక! 2023లో ఈ సంగతి అచ్చయింది. మొదట ప్రకటించిన శాస్త్రవేత్త గ్రెగరీ రిటాలక్ కూడా అవునని ఒప్పుకున్నారు. అలా ఒప్పుకోవడం పెద్దమనసు. ఈ కథలో మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. రూపం ఒక్కటే చూస్తే ఎంతటివాళ్ళయినా పడతారు. రాతిలో ఉందా, రాతి మీద ఉందా అని కూడా చూడాలి.

చెక్కపనివాడి కూతురు

రాయినీ శిలాజాన్నీ వేరుచేయడంలో చరిత్రకెక్కిన కన్ను ఒక పేదింటి ఆడపిల్లది. పేరు మేరీ ఆనింగ్. ఇంగ్లండ్ తీరంలోని లైమ్ రీజిస్‌లో 1799లో పుట్టింది. తండ్రి చెక్కపని చేసేవాడు. సముద్రపు కొండచరియల్లో దొరికే వింత రాళ్ళు ఏరి యాత్రికులకి అమ్మేవాడు. 1810లో ఆయన పోయేసరికి మిగిలింది అప్పులే. ఆ రాళ్ళే ఇంటికి అన్నం పెట్టాయి.

అక్కడా అమ్మోనైట్లే. మనం చక్రమన్నదాన్ని వాళ్ళు పాము అన్నారు. చుట్టచుట్టుకుని రాయైపోయిన పామని నమ్మి 'పాము రాళ్ళు' అని పిలిచేవారు. కొన్నిచోట్ల అమ్మకానికి వాటికి తలలు కూడా చెక్కేవారట!

పన్నెండేళ్ళ వయసులో మేరీ, ఆమె అన్న కలిసి ఇక్తియోసారస్ అనే సముద్ర సరీసృపం అస్థిపంజరం వెలికితీశారు. 1823లో మేరీకి మెడ చాలా పొడుగున్న ప్లీసియోసారస్ దొరికింది. అంత మెడ ఉంటుందా అని ఫ్రాన్స్‌లోని మహా పండితుడు కువియే సందేహించాడు. నకిలీ అన్న మాట కూడా వచ్చింది. చివరికి నిజమని ఒప్పుకోక తప్పలేదు.

ఆమె తెలివి చూడండి. ఆ తీరంలో 'బెజోర్ రాళ్ళు' అని వంకరటింకర ఉండలు దొరికేవి. అవేమిటో ఎవరికీ తెలియదు. అవి ఇక్తియోసారస్ కడుపు భాగంలోనే దొరుకుతున్నాయని మేరీ గమనించింది. పగలగొట్టి చూస్తే లోపల చేప ఎముకలు, పొలుసులు. అంటే అవి ఆ జంతువుల మలం శిలాజాలు! ఎక్కడ దొరికింది, లోపల ఏముంది... ఆమె అడిగినవి ఈ రెండే ప్రశ్నలు.

ఆమె తీసిన శిలాజాల గురించి మగవాళ్ళు పత్రాలు రాసి పేరు తెచ్చుకున్నారు. చాలాచోట్ల ఆమె పేరే ఎత్తలేదు. లండన్ భూవిజ్ఞాన సంఘం ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకోనే లేదు. 1847లో రొమ్ము కేన్సర్‌తో ఆమె కన్నుమూసింది. విజ్ఞానశాస్త్రాన్ని ప్రభావితం చేసిన పదిమంది బ్రిటిష్ మహిళల జాబితాలో రాయల్ సొసైటీ ఆమె పేరు చేర్చింది. ఎప్పుడనుకున్నారు? 2010లో!

దొరికితే ఏం చేయాలి?

* ముందు ఉన్నచోటే ఫొటో తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ళో, పెన్నో పెట్టండి. సైజు తెలుస్తుంది.

* ఊరు, వాగు పేరు, ఏ గట్టున, ఏ రంగు పొరలో ఉంది... కాగితం మీద రాసుకోండి. చోటు తెలియని శిలాజం చిరునామా చెరిగిపోయిన ఉత్తరంలాంటిది. ఎంత అందంగా ఉన్నా దాని కథ సగం పోయినట్టే.

* రాతి పొరలో ఇరుక్కుని ఉంటే సుత్తీ, ఉలీ పెట్టి పెకలించకండి. పగిలిందంటే మళ్ళీ రాదు. క్వారీల్లోకి, విరిగిపడే గట్ల కిందికి పిల్లల్ని వెళ్ళనివ్వకండి.

* విడిగా పడి ఉన్నదాన్ని తెచ్చుకుంటే మెత్తటి బ్రష్షుతో మట్టి దులపండి. ఆసిడ్, బ్లీచింగ్, వార్నిష్... ఏవీ వద్దు.

* భూతద్దంతో చూస్తూ ఈ ప్రశ్నలు వేసుకోండి: దొరికిన చోట పొరల రాళ్ళున్నాయా? రూపం రాతిలో ఉందా, పైన అంటుకుని ఉందా? లోపల అల్లిక ఉందా? క్రమం ఉందా? అలాంటివి ఇంకా కనిపించాయా? ఎక్కువ వాటికి 'అవును' అనిపిస్తే ఆ రాయిని పారేయకండి.

* ఆ ఫొటోలు, రాసుకున్న వివరాలు దగ్గర్లోని కాలేజీ జియాలజీ విభాగంలో చూపించండి. ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల్లో ఈ విభాగాలున్నాయి. జి.ఎస్.ఐ. దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాదు బండ్లగూడలో ఉంది.

* 'శిలాజం' అని ఎవరైనా అమ్మజూపితే ఎక్కడ దొరికిందో అడగండి. ఊరి పేరు చెప్పలేనివాళ్ళ దగ్గర కొనకండి.

వందలో తొంభైతొమ్మిది సార్లు మీ పిల్లాడి జేబులోది మామూలు రాయే అవుతుంది. అయితే ఏమైంది? అది రాయని ఎలా తేలిందో వాడికి తెలిసింది కదా. చూసింది చూసినట్టు నమ్మేయకుండా, తిప్పి చూడటం, ఎక్కడిదని అడగటం, లోపల ఏముందో గమనించడం... ఈ అలవాటు రాళ్ళ దగ్గర మొదలైతే మనుషుల మాటల దగ్గరా, అంగళ్ళలో సరుకు దగ్గరా కూడా పనికొస్తుంది. ఈసారి వాడి నిక్కరు ఉతికేటప్పుడు జేబులు ఖాళీ చేస్తూ విసుక్కోకండి. ఒక్కసారి భూతద్దం తెమ్మని అడగండి.